జిప్సీకి పెద్ద ఇంజన్ వేయించాలా? ఆఫ్‌రోడింగ్‌కి కొత్తగా వచ్చినవాళ్ళు ముందు చెయ్యాల్సిన పనులు, వరుసగా

"అన్నా, మారుతీ జిప్సీ కొన్నా, పికప్ అస్సలు లేదు, పాత బలెనో ఇంజన్ వేయించెయ్యనా" అని అడిగేవాళ్ళు బాగా ఎక్కువయ్యారు. ఒక్కొక్కళ్ళకి ముక్కలు ముక్కలుగా చెప్పే బదులు మొత్తం ఇక్కడే రాసి పెడుతున్నా, ఓపిగ్గా చదవండి, బండి పక్కన పెట్టుకుని చదివితే ఇంకా మంచిది.

సమాధానం ముందే చెప్పేస్తా. ఆఫ్‌రోడింగ్ (రోడ్డు లేని ఎత్తుల్లో, బురదలో, ఇసుకలో నడపడం) మొదలుపెట్టి ఏడాది కాలేదంటే ఇంజన్ జోలికి వెళ్ళకండి. చాలా బండ్లలో పికప్ లేకపోవడానికి కారణం ఇంజన్ చిన్నదవ్వడం కాదు, ఉన్న ఇంజన్ సగం ప్రాణంతో నడవడం, లేదా టైర్లు పెద్దవి వేసేసి గేరింగ్ (ఇంజన్ తిరిగేదానికీ చక్రం తిరిగేదానికీ మధ్య లెక్క) చెడగొట్టుకోవడం, లేదా లో రేంజ్ లీవర్ (వేగం తగ్గించి తోపు పెంచే రెండో గేర్ లీవర్) ముట్టుకోకుండానే నడపడం. ఈ మూడూ తేల్చుకున్నాక కూడా సరిపోవట్లేదంటే అప్పుడు ఇంజన్ గురించి మాట్లాడదాం, అది కూడా కింద రాశాను.

నేను రాసేది ఎక్కువగా జిప్సీ కింగ్ 1.3 గురించి. మీ బండిలో ఏ ఇంజన్ ఉందో ముందు ఆర్సీలో చూసుకోండి. పాత ఎంజీ410 అయితే 970 సీసీ, 45 బీహెచ్‌పీ. 1996 తర్వాత వచ్చిన కింగ్ అయితే 1298 సీసీ, మొదట్లో కార్బురేటర్‌తో 60 బీహెచ్‌పీ, 2000 నుంచి ఎంపీఎఫ్ఐ (ఇంజెక్టర్లతో పెట్రోల్ చిమ్మే పద్ధతి), 16 వాల్వులతో 80 బీహెచ్‌పీ, 103 ఎన్ఎం టార్క్ (తిప్పే బలం). ఈ మూడింటికీ అంచనాలు వేరు, 970 సీసీ బండి కొనుక్కుని కింగ్‌లా లాగట్లేదని బాధపడి లాభం లేదు.

## 1. ఇబ్బంది ఏంటో మాటల్లో రాసుకోండి

"పికప్ లేదు" అని మెకానిక్‌తో చెప్తే ఆయన తనకి తోచింది చేస్తాడు. ఎక్కడ, ఏ గేర్లో, ఎంత లోడ్‌తో, ఏం జరిగింది అనేది కాగితం మీద రాయండి. కారణం సగం అక్కడే దొరుకుతుంది.

- ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజన్ కొట్టుకుని ఆగిపోతోంది, చక్రాలు మాత్రం జారట్లేదు: గేరింగ్ సమస్య. 4ఎల్ (నాలుగు చక్రాలకీ లో రేంజ్) వేశారా లేదా, టైర్లు ఏ సైజో చూడండి.
- చక్రాలు గిర్రున తిరుగుతున్నాయి, బండి కదలట్లేదు: పవర్ సరిపోయింది, నేల మీద పట్టు లేదు. ఇక్కడ పెద్ద ఇంజన్ వేస్తే గొయ్యి ఇంకా లోతుగా తవ్వుకోవడమే.
- ఆర్‌పీఎం పెరుగుతోంది, స్పీడ్ పెరగట్లేదు: క్లచ్ ప్లేట్ అయిపోయింది.
- నిరుడు బాగానే ఎక్కిన చోట ఇప్పుడు ఎక్కట్లేదు: అరుగుదల, ట్యూనింగ్. కింద 4వ భాగం మీకోసమే.
- హైవే మీద 80 దాటితే ఏడుస్తోంది: కొంతవరకు ఆ బండి తీరే అంత, డబ్బా ఆకారం, గాలిని చీల్చుకుని వెళ్ళదు. మిగతాది టైర్లు, ఇంజన్ ఆరోగ్యం.
- ఘాట్ ఎక్కుతుంటే క్రమంగా నీరసపడుతోంది: టర్బో లేని ఇంజన్‌కి ప్రతి వెయ్యి మీటర్ల ఎత్తుకి ఇంచుమించు పదో వంతు బలం తగ్గుతుంది. అరకు, లంబసింగి వైపు వెళ్ళినప్పుడు తేడా తెలిసేది ఇందుకే. కార్బురేటర్ బండ్లకి ఇంకాస్త ఎక్కువ తెలుస్తుంది, పైకి వెళ్ళేకొద్దీ పెట్రోల్ ఎక్కువై గాలి తక్కువవుతుంది కాబట్టి.

## 2. లీవర్ లెక్క చూడండి, ఇంజన్ లెక్క కూడా చూడండి

నన్నడిగితే ఈ మొత్తం వ్యాసంలో ముఖ్యమైనది ఇదే.

జిప్సీ కింగ్ ట్రాన్స్‌ఫర్ కేసులో (గేర్‌బాక్స్ నుంచి వచ్చే బలాన్ని ముందు, వెనక చక్రాలకి పంచే పెట్టె) హై రేంజ్ రేషియో సుమారు 1.41, లో రేంజ్ సుమారు 2.27. అంటే 4హెచ్ (నాలుగు చక్రాలకీ హై రేంజ్) నుంచి 4ఎల్‌కి లీవర్ లాగితే చాలు, అదే ఇంజన్, అదే గేరు, చక్రాల దగ్గరికి వెళ్ళే తోపు 1.6 రెట్లు అవుతుంది.

ఇప్పుడు ఇంజన్ మార్చారనుకోండి. జిమ్నీలో ఉన్న 1.5 లీటర్ ఇంజన్ టార్క్ 134 ఎన్ఎం, మీ 103తో పోలిస్తే 1.3 రెట్లు. పాత బలెనో సెడాన్ 1.6 ఇంజన్ అయినా సుమారు అంతే. పైసా ఖర్చు లేకుండా లీవర్ ఇచ్చే 60 శాతం ఒకవైపు, లక్షలు పోసి, నెలల తరబడి బండి షెడ్డులో పెట్టి, ఆర్సీ గొడవలు పడి తెచ్చుకునే 30 శాతం ఇంకోవైపు. రాళ్ళల్లో, ఎత్తుల్లో మీకు కావాల్సింది నెమ్మదిగా వచ్చే తోపు, అది గేర్ల నుంచి వస్తుంది.

ఇంకో విషయం, మామూలు జిప్సీలో ముందు, వెనక రెండూ ఓపెన్ డిఫరెన్షియల్స్ (ఎడమ, కుడి చక్రాలు వేర్వేరు వేగంతో తిరగనిచ్చే గేర్లు, లాక్ లేనివి). ముందు ఒక చక్రం, వెనక ఎదురు మూల చక్రం గాల్లోకి లేచాయంటే పవర్ మొత్తం ఆ తేలిన చక్రాలకే పోతుంది, నేల మీదున్నవి ఊరికే కూర్చుంటాయి. అక్కడ 80 బీహెచ్‌పీ ఉన్నా 180 ఉన్నా ఒకటే. లైన్ మార్చుకోవడం, చక్రం కింద రాయి పెట్టడం, లేదా లాకర్ (రెండు చక్రాలూ కలిసి తిరిగేలా డిఫరెన్షియల్‌ని బిగించేది) వేయించడం, దారులు ఇవే.

## 3. టైర్లు మార్చారా? అయితే ఈ లెక్క చెయ్యండి

సెకండ్‌హ్యాండ్‌లో కొన్న జిప్సీలకి చాలావాటికి టైర్లు అప్పటికే మార్చేసి ఉంటాయి, కొన్నవాళ్ళకి ఆ సంగతే తెలీదు, ఇంజన్ వీక్ అనుకుంటారు. టైరు ఎత్తు పెరిగితే గేరింగ్ పొడుగైపోతుంది, అంటే చక్రం దగ్గర తోపు తగ్గుతుంది.

- 205/70 ఆర్15 (కంపెనీ సైజు): ఎత్తు సుమారు 668 మి.మీ.
- 215/75 ఆర్15: సుమారు 703 మి.మీ., తోపు 5 శాతం తగ్గుతుంది.
- 235/75 ఆర్15: సుమారు 733 మి.మీ., తోపు 9 శాతం తగ్గుతుంది.
- 31 అంగుళాలవి: సుమారు 787 మి.మీ., తోపు 15 శాతం తగ్గుతుంది.

ఇది ఎత్తు లెక్క మాత్రమే, బరువు అదనం. మడ్ టైరు ఒక్కొక్కటి బరువు ఎక్కువ, దాన్ని తిప్పడానికీ ఆపడానికీ ఇంజనూ బ్రేకులూ రెండూ కష్టపడాలి. 31 అంగుళాల టైర్లు వేసి పైన లోహపు బంపరు, వించి, రూఫ్ క్యారియరు పెట్టిన బండి పికప్ లేదంటే ఇంజన్‌ని ఏమని అంటాం? ఒక టన్ను బండి అది, దాని మీద రెండొందల కేజీలు ఎక్కించారు.

చెయ్యాల్సిన పని: టైరు పక్కన సైజు చదవండి, కంపెనీ సైజు కాకపోతే ఎవరిదైనా స్టాక్ టైర్ల సెట్టు ఒక పూట అడిగి తెచ్చుకుని వేసి అదే ఎత్తు మళ్ళీ ఎక్కించి చూడండి. తేడా మీకే తెలుస్తుంది. నల్లరేగడిలో తిరిగేవాళ్ళకి మడ్ టైర్లు నిజంగా అవసరం, హైవే టైరు గాడుల్లో ఆ మట్టి పూడుకుపోయి నున్నగా అయిపోతుంది, కాదనను. కానీ 215/75లోనే మంచి మడ్ టైరు వేసుకుంటే పని జరుగుతుంది, 31 దాకా వెళ్ళక్కర్లేదు.

## 4. ఉన్న ఇంజన్ ఆరోగ్యం, తక్కువ ఖర్చు నుంచి ఎక్కువ ఖర్చుకి

ఈ వరుస తప్పకండి. చాలామంది నేరుగా "ఇంజన్ విప్పెయ్" అంటారు, తీరా విప్పాక తెలుస్తుంది యాక్సిలరేటర్ కేబుల్ లూజని.

మొదట, కేబుల్. ఒకళ్ళు లోపల కూర్చుని యాక్సిలరేటర్ నేలకి తొక్కండి, ఇంకొకళ్ళు బానెట్ తీసి థ్రాటిల్ (ఇంజన్‌లోకి గాలి వెళ్ళే మూత) చివరిదాకా తెరుచుకుంటోందా చూడండి. పెడల్ కింద మందపాటి మ్యాట్ ఉన్నా, కేబుల్ సాగినా ముప్పావు వంతే తెరుచుకుంటుంది. నిజంగా ఇంత చిన్న విషయమే చాలా బండ్లలో.

తర్వాత గాలి, పెట్రోల్. ఎయిర్ ఫిల్టర్, దాని పైపులో పగుళ్ళు. ఫ్యూయల్ ఫిల్టర్ ఎప్పుడు మార్చారో తెలీదంటే మార్చేయండి. పాత జిప్సీ ట్యాంకుల్లో తుప్పు మామూలే, ఫిల్టర్ కోసి చూస్తే ఎర్రటి పొడి కనిపిస్తే ట్యాంకు దింపి కడిగించాలి. ఎంపీఎఫ్ఐ అయితే గేజ్ పెట్టి ఫ్యూయల్ ప్రెషర్ చూపించుకోండి, పంపు నీరసపడితే లోడ్ మీద మాత్రమే తెలుస్తుంది, షెడ్డులో ఐడిల్ మీద బాగానే ఉంటుంది.

కరెంటు. ప్లగ్గులు విప్పి వరుసగా పెట్టండి, నాలుగూ ఒకే రంగులో ఉండాలి, లేత గోధుమ రంగు. ఒకటి మాత్రం నల్లగా తడిగా ఉంటే ఆ సిలిండర్‌లో ఏదో ఉంది. ప్లగ్ వైర్లు, కార్బురేటర్ బండి అయితే డిస్ట్రిబ్యూటర్ క్యాప్ కూడా చూడండి. రాత్రి చీకట్లో బానెట్ తీసి ఇంజన్ ఆన్ చేస్తే లీకయ్యే వైరు నుంచి నిప్పురవ్వలు కనిపిస్తాయి.

వాక్యూమ్ పైపులు. ఇన్నేళ్ళ బండిలో రబ్బరు గట్టిపడి పగిలిపోతుంది. మొత్తం సెట్టు మార్చినా పెద్ద ఖర్చు కాదు, మార్చేయండి.

టైమింగ్. టైమింగ్ బెల్ట్ ఎప్పుడు మార్చారో బిల్లు లేకపోతే మార్చలేదనే లెక్క. బెల్టుతో పాటే టెన్షనర్, వాటర్ పంపు కూడా వేయించండి, విప్పే కూలీ ఒకటే కాబట్టి. ఎవరైనా ఈమధ్యే బెల్టు మార్చి ఉంటే, మార్చినప్పటి నుంచే పికప్ పోయి ఉంటే, ఒక పన్ను అటూ ఇటూ పడి ఉండొచ్చు, మార్కులు మళ్ళీ కలిపి చూడమనండి. ఇంజన్ నడుస్తుంది, ఐడిల్ కూడా నిలబడుతుంది, బలం మాత్రం ఉండదు, అందుకే ఎవరికీ అనుమానం రాదు.

సైలెన్సర్. క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగని శుద్ధి చేసే డబ్బా) లోపల కరిగి మూసుకుపోతే ఇంజన్ ఊపిరాడనట్టు ఉంటుంది, ఒక ఆర్‌పీఎం దాటి పెరగదు.

వేడి. థర్మోస్టాట్ తీసేసి నడిపే అలవాటు మన షెడ్డుల్లో బాగా ఉంది, ఇంజన్ ఎప్పుడూ సరైన వేడికి రాదు, పెట్రోల్ ఎక్కువ తాగుతుంది, బలం తగ్గుతుంది. తిరిగి పెట్టించండి. రేడియేటర్‌లో నీళ్ళు కాదు, కూలెంట్ ఉండాలి.

చివరగా కంప్రెషన్ టెస్ట్. ఇది చెయ్యకుండా ఇంజన్ గురించి ఏ నిర్ణయమూ తీసుకోకండి. పద్ధతి ఇదీ:

1. ఇంజన్ వేడెక్కించి ఆపండి.
2. నాలుగు ప్లగ్గులూ తీసేయండి, ఒకటి కాదు.
3. కాయిల్ కనెక్షన్, ఇంజెక్టర్ల ఫ్యూజు తీసేయండి, పెట్రోల్ చిమ్మకూడదు.
4. బ్యాటరీ ఫుల్ ఛార్జ్‌లో ఉండాలి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టుకోవాలి.
5. ఒక్కో సిలిండర్‌కి గేజ్ పెట్టి అయిదారు సార్లు కొట్టేవరకు సెల్ఫ్ తిప్పండి, అంకె రాసుకోండి.
6. ఏదైనా సిలిండర్ మిగతావాటికంటే పది శాతం మించి తక్కువుంటే అందులో ఒక చెంచా ఇంజన్ ఆయిల్ పోసి మళ్ళీ చూడండి.

ఆయిల్ పోశాక అంకె పెరిగితే రింగులు, బోరు అరిగాయి. పెరగకపోతే వాల్వులు లేదా హెడ్ గాస్కెట్. పక్కపక్కనున్న రెండు సిలిండర్లు రెండూ పడిపోతే ఎక్కువగా వాటి మధ్య గాస్కెట్టే పోయి ఉంటుంది. నాలుగూ దగ్గర దగ్గరగా ఉండి అంకెలు సర్వీస్ మాన్యువల్‌లో రాసినదానికి సరిపోతే మీ ఇంజన్ ఆరోగ్యంగా ఉన్నట్టు.

## 5. ఇంజన్‌ది కాని తప్పులు

బండిని ఏదో వెనక్కి పట్టి లాగుతుంటే ఇంజన్ ఏం చేస్తుంది. వీటికి ఒక ఆదివారం పూట చాలు.

- నాలుగు చక్రాలూ ఒక్కొక్కటి జాకీ మీద లేపి, న్యూట్రల్‌లో, ముందు హబ్‌లు (చక్రాన్ని యాక్సిల్‌కి కలిపే, విడదీసే లాకులు) ఫ్రీ చేసి చేత్తో తిప్పండి. పట్టేస్తుంటే బ్రేక్ క్యాలిపర్ లేదా వెనక డ్రమ్ జామ్ అయింది. బురదలో తిరిగిన బండ్లకి ఇది చాలా మామూలు.
- పది కిలోమీటర్లు నడిపి, చివర్లో బ్రేకు ఎక్కువ వాడకుండా ఆపి, నాలుగు హబ్‌ల దగ్గర చెయ్యి ఆనించీ ఆనించకుండా పెట్టి చూడండి. ఒకటి మాత్రం కాలిపోతుంటే బేరింగో బ్రేకో అన్నమాట.
- క్లచ్: బండి ఆపి, హ్యాండ్‌బ్రేక్, ఫుట్‌బ్రేక్ రెండూ పట్టి, మూడో గేర్ వేసి మెల్లగా క్లచ్ వదలండి. ఇంజన్ వెంటనే ఆగిపోవాలి. ఆగకుండా తిరుగుతూ ఉంటే ప్లేట్ అయిపోయింది. ఒక్కసారే చెయ్యండి, పదే పదే చేస్తే ఉన్న ప్లేట్ కూడా పోతుంది.
- మాన్యువల్ ఫ్రీవీల్ హబ్‌లు ఉన్న బండిలో హబ్ లాక్ చెయ్యకుండా లీవర్ 4లో పెట్టినా ముందు చక్రాలకి ఏమీ వెళ్ళదు. కొత్తవాళ్ళు "ఫోర్ వీల్ వేసినా ఎక్కట్లేదు" అన్నప్పుడల్లా నేను మొదట అడిగేది ఇదే. రెండు వైపులా లాక్ చెయ్యాలి, ఒక వైపు చాలదు.
- ముందు యాక్సిల్ నకిల్ సీళ్ళు, గేర్‌బాక్స్, ట్రాన్స్‌ఫర్ కేస్, రెండు డిఫరెన్షియల్స్‌లో ఆయిల్. ఆయిల్ పాలలా తెల్లగా ఉంటే నీళ్ళు చేరాయి, వెంటనే మార్చాలి.

## 6. నడిపే పద్ధతి, గాలి

ఇంజన్ మార్చాలనుకునేవాళ్ళలో సగం మంది దీంతోనే ఆగిపోతారని నా గట్టి నమ్మకం.

ఎత్తు మొదలయ్యాక కాదు, మొదలవ్వకముందే ఆపి 4ఎల్ వెయ్యండి. నిటారు ఎత్తుకి మొదటి గేర్ లేదా రెండో గేర్, ఒకసారి ఎక్కడం మొదలెట్టాక గేరు మార్చకండి, క్లచ్ మీద కాలు పెట్టకండి. క్లచ్ సగం నొక్కి ఇంజన్ అరిపిస్తూ ఎక్కించడం హైదరాబాద్ ట్రాఫిక్‌లో వచ్చిన అలవాటు, అది ఇక్కడ ప్లేట్ కాల్చేస్తుంది. మధ్యలో ఇంజన్ ఆగిపోతే బ్రేకు పట్టి, రివర్స్ గేరు వేసి, తిన్నగా వెనక్కి దిగండి, ఎట్టి పరిస్థితిలో న్యూట్రల్‌లో దొర్లనివ్వకండి, అడ్డం తిప్పే ప్రయత్నం అసలు చెయ్యకండి.

గాలి గురించి. రోడ్డు మీద ఉండే ప్రెషర్‌తో ఇసుకలోకి దిగితే ఏ ఇంజనూ కాపాడదు. తేలికైన జిప్సీకి ఇసుకలో 15 నుంచి 18 పీఎస్ఐ, బురద, రాళ్ళల్లో 18 నుంచి 22 మధ్య మొదలుపెట్టి చూసుకోండి. 15 కంటే కిందికి వెళ్తే మలుపులో టైరు రిమ్ నుంచి ఊడొచ్చే ప్రమాదం ఉంది. గాలి తగ్గించాక స్పీడ్ తగ్గించాలి, తారు రోడ్డు ఎక్కేముందు మళ్ళీ నింపుకోవాలి, అందుకే బండిలో చిన్న కంప్రెసర్, నమ్మకమైన గేజ్ ఉండి తీరాలి.

గోదావరి, కృష్ణ ఇసుక తిన్నెల మీదికి వెళ్ళేవాళ్ళు పైన డ్యామ్ నీళ్ళు వదులుతున్నారేమో కనుక్కుని దిగండి. అడవి దారుల్లోకి ఫారెస్ట్ డిపార్ట్‌మెంట్ అనుమతి లేకుండా వెళ్ళొద్దు.

## 7. డబ్బు ఏ వరుసలో పెట్టాలి

1. పైన చెప్పిన సర్వీసు, బ్రేకులు, రబ్బరు బుష్‌లు, స్టీరింగ్ జాయింట్లు.
2. రికవరీ సామాను: చాసిస్‌కి సరిగ్గా బిగించిన టో హుక్కులు ముందూ వెనకా, రికవరీ స్ట్రాప్, షాకిళ్ళు, పార, కంప్రెసర్. లారీ మీద బండి కట్టడానికి ఇచ్చిన చిన్న కొక్కేనికి స్ట్రాప్ తగిలించి లాగొద్దు, అది ఊడితే బుల్లెట్‌లా వస్తుంది. లాగేటప్పుడు స్ట్రాప్ మధ్యలో బరువైన దుప్పటి వెయ్యండి, మనుషుల్ని దూరంగా నిలబెట్టండి.
3. సరైన సైజులో మంచి టైర్లు.
4. అనుభవమున్న వాళ్ళతో కలిసి వెళ్ళడం, పక్క సీట్లో కూర్చుని చూడడం. దీనికి పెట్రోల్ ఖర్చే.
5. ట్రాన్స్‌ఫర్ కేస్ రీడక్షన్ గేర్లు. విదేశాల్లో జిప్సీ అన్నదమ్ముడు సమురాయ్‌కి 4.16 రేషియో గేర్లు చాలా ఏళ్ళుగా వాడుతున్నారు. 2.27 స్థానంలో 4.16 అంటే లో రేంజ్‌లో తోపు 80 శాతం పైగా పెరుగుతుంది, హై రేంజ్ కూడా కాస్త పొట్టిదవుతుంది కాబట్టి పెద్ద టైర్ల వల్ల పోయింది కొంత తిరిగొస్తుంది. మీ బండి ట్రాన్స్‌ఫర్ కేస్‌కి సరిపోయే కిట్ ఏదో అమ్మేవాళ్ళని మోడల్ నంబరుతో సహా అడిగి తీసుకోండి.
6. వెనక డిఫరెన్షియల్‌కి లాకర్.
7. ఇంజన్.

ఇంజన్ ఏడో స్థానంలో ఎందుకుందో ఇప్పటికి అర్థమయ్యే ఉంటుంది. ఇంకో కారణం కూడా ఉంది, జిప్సీ కింద సామాను అంతా ఆ చిన్న ఇంజన్‌కి తగ్గట్టు చేసినవి. గేర్‌బాక్స్‌కీ ట్రాన్స్‌ఫర్ కేస్‌కీ మధ్య విడిగా చిన్న షాఫ్ట్ ఉంటుంది, ట్రాన్స్‌ఫర్ కేస్ మూడు రబ్బరు మౌంట్ల మీద వేలాడుతుంది. టార్క్ పెరిగితే మొదట ఆ రబ్బర్లు చిరుగుతాయి, తర్వాత క్రాస్ జాయింట్లు, తర్వాత ముందు యాక్సిల్ జాయింట్లు, వెనక యాక్సిల్ షాఫ్టులు. పైగా పొట్టి వీల్‌బేస్, నాలుగు వైపులా కమాన్ పట్టీలు, స్టీరింగ్ వణుకు అప్పటికే ఉన్న బండిని 120 మీద నడపడం ప్రాణానికే మంచిది కాదు.

## 8. కాగితాలు: ఇంజన్ కొనకముందు

దీన్ని తేలిగ్గా తీసుకోకండి. మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 52 ప్రకారం ఆర్సీలో ఉన్న వివరాలు కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణతో సెక్షన్ 182ఏ చేరింది, అనుమతి లేని మార్పుకి ఒక్కోదానికి 5 వేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ.

అదే రకం ఇంజన్ పాడైపోయి ఇంకోటి వేస్తే ఆర్సీలో నంబరు మార్పించుకోవడం కుదిరే పని. పెద్ద సీసీ, వేరే ఇంధనం అంటే కథ వేరు. ఏదైనా సరే, షెడ్డువాళ్ళు "మేం చూసుకుంటాం అన్నా" అంటే నమ్మకండి, మీరే ఆర్టీఓ ఆఫీసుకి వెళ్ళి రాతపూర్వకంగా అడగండి.

- పాత ఇంజన్ అమ్మేవాళ్ళ దగ్గర బిల్లు, అది ఏ బండి నుంచి తీశారో ఆ బండి ఆర్సీ కాపీ.
- ఇంజన్ నంబరు స్పష్టంగా, గీకకుండా ఉండాలి. లేకపోతే చౌకగా వచ్చినా వద్దు.
- ఇన్సూరెన్స్ కంపెనీకి తెలియజేయడం. చెప్పకుండా మారిస్తే ప్రమాదం జరిగినప్పుడు క్లెయిమ్ తిరస్కరించే అవకాశం వాళ్ళకి మీరే ఇచ్చినట్టు.
- పదిహేనేళ్ళు దాటిన బండి అయితే రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి తీసుకెళ్ళినప్పుడు ఇన్స్‌పెక్టర్ ఇంజన్ నంబరు చూస్తారు, అక్కడ దొరుకుతుంది.

## 9. అయినా మార్చాల్సిందే అంటే, ఏది?

కంప్రెషన్ పోయింది, బోరు అరిగింది, ఎలాగూ ఇంజన్ పని తప్పదు అనుకుంటే మూడు దారులున్నాయి.

ఉన్నదాన్నే కొత్తగా చేయించడం. కొత్తవాళ్ళకి నేను చెప్పేది ఇదే, కళ్ళు మూసుకుని. మంచి లేత్ షాపులో బోరు చేయించి 0.25 లేదా 0.50 ఓవర్‌సైజ్ పిస్టన్లు, కొత్త రింగులు, బేరింగులు, హెడ్ పని, ఆయిల్ పంపు, వాల్వ్ సీళ్ళు. నంబరు మారదు, ఆర్టీఓ గొడవ లేదు, మౌంట్లు, వైరింగ్ ఏమీ మారవు. సరిగ్గా చేసిన 1.3 ఇంజన్ ఎలా లాగుతుందో చాలామంది జిప్సీ ఓనర్లు ఎప్పుడూ చూసి ఉండరు, వాళ్ళ చేతికి వచ్చేసరికే అది అలిసిపోయి ఉంటుంది కాబట్టి.

పాత బలెనో సెడాన్ 1.6. ఇదీ సుజుకీ జీ ఫ్యామిలీ ఇంజనే, 1590 సీసీ, సుమారు 94 బీహెచ్‌పీ. 1.3లో స్ట్రోక్ 75.5 మి.మీ. అయితే దీంట్లో 90 మి.మీ., అందుకే కింది ఆర్‌పీఎంలో బాగా లాగుతుంది. కుటుంబం ఒకటే కాబట్టి జిప్సీ గేర్‌బాక్స్‌కి కూర్చోబెట్టడం మిగతావాటికంటే తేలిక. కానీ బ్లాక్ ఎత్తు ఎక్కువ, బానెట్ తగులుతుందా చూడాలి, కారులో అడ్డంగా ఉండే ఇంజన్ ఇక్కడ నిలువుగా కూర్చోవాలి కాబట్టి సంప్ (ఇంజన్ కింద ఆయిల్ ఉండే గిన్నె) ముందు యాక్సిల్‌కి తగలకుండా మార్చాలి, ఈసీయూ (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్), వైరింగ్, సెన్సార్లు అన్నీ దానివే రావాలి.

1.3 డీజిల్. స్విఫ్ట్‌లో వచ్చినది, 190 ఎన్ఎం. టార్క్ చూస్తే నోరూరుతుంది. బరువు ముందు చక్రాల మీద పడుతుంది, గేర్‌బాక్స్‌కి అడాప్టర్ ప్లేట్ చేయించాలి, ఇమ్మొబిలైజర్, ఇంటర్‌కూలర్, వెనక్కి వెళ్ళే డీజిల్ లైను, పైగా ఇంధనమే మారుతుంది కాబట్టి ఆర్సీ సమస్య. కొత్తవాళ్ళు వద్దు, ఒక్క మాటలో.

జిమ్నీ ఉన్నవాళ్ళకి ఇంకా చిన్న సమాధానం: దాని 1.5 ఇంజన్ ముట్టుకోకండి, వారంటీ పోతుంది, టర్బో లేని ఇంజన్‌కి రీమ్యాప్ చేస్తే వచ్చేది కొంచెమే. ఆ బండిలో తేలిన చక్రాన్ని బ్రేకు పట్టి ఆపే ఎలక్ట్రానిక్ సిస్టం ఉంది, దాన్ని వాడడం నేర్చుకోండి.

## 10. పని మొదలయ్యాక వరుస

- పాత ఇంజన్ దింపకముందే కొత్తది బయట స్టాండ్ మీద పెట్టి కంప్రెషన్ చూడండి, వీలైతే స్టార్ట్ చేయించి వినండి.
- ఇంజన్‌తో పాటే ఈసీయూ, మొత్తం వైరింగ్, సెన్సార్లు ఒకే బండి నుంచి తీసుకోండి. తర్వాత విడిగా వెతుక్కుంటే నెలలు పడుతుంది.
- దింపేముందు ప్రతి వైరుకీ పైపుకీ లేబుల్, ఫోన్‌లో ఫొటోలు.
- బయట ఉండగానే టైమింగ్ బెల్ట్, వాటర్ పంపు, వెనక క్రాంక్ సీల్, క్లచ్ ప్లేట్, ప్రెషర్ ప్లేట్, రిలీజ్ బేరింగ్ కొత్తవి.
- ఇంజన్ మౌంట్లు వెల్డింగ్ చేసేముందు గేర్‌బాక్స్‌తో కలిపి కూర్చోబెట్టి, షాఫ్టుల కోణం, ఫ్యాన్‌కీ రేడియేటర్‌కీ మధ్య ఖాళీ, స్టీరింగ్ రాడ్డు, యాక్సిల్ పైకి లేచినప్పుడు సంప్‌కి తగులుతుందా అన్నీ చూసి అప్పుడు టాక్ (ముందుగా పెట్టే చిన్న వెల్డింగ్ చుక్కలు) పెట్టించండి.
- పెద్ద ఇంజన్‌కి పెద్ద రేడియేటర్. ఆఫ్‌రోడ్‌లో బండి నెమ్మదిగా వెళ్తుంది, ఎదురుగాలి ఉండదు, పాత రేడియేటర్ మే నెలలో మన దగ్గర చేతులెత్తేస్తుంది.
- బ్రేకులు ఇంజన్ కంటే ముందు పూర్తవ్వాలి. డిస్కులు, ప్యాడ్లు, వెనక షూలు, వీల్ సిలిండర్లు, ఫ్లూయిడ్.

## 11. మార్చాక ఎదురయ్యేవి

ఐడిల్ ఊగుతోంది: ఇన్‌టేక్ గాస్కెట్ దగ్గర గాలి లీక్, లేదా ఎర్త్ వైరు సరిగ్గా లేదు. చాసిస్‌కీ ఇంజన్‌కీ మధ్య లావుపాటి ఎర్త్ వైరు వేయించండి, చాలా ఎలక్ట్రికల్ దయ్యాలు దీంతోనే వదిలిపోతాయి.

గేర్ లీవర్, ట్రాన్స్‌ఫర్ లీవర్ వణుకుతున్నాయి: మౌంట్లు గట్టివి పడ్డాయి, లేదా చిన్న షాఫ్ట్ కోణం కుదరలేదు.

గేరు వేసి వదిలితే కింద టంగ్ మని శబ్దం: క్రాస్ జాయింట్, లేదా ట్రాన్స్‌ఫర్ కేస్ మౌంట్ చిరిగింది. అలాగే నడపొద్దు.

నెమ్మదిగా ఎక్కేటప్పుడు మాత్రమే వేడెక్కుతోంది: ఫ్యాన్ చుట్టూ కవచం లేదు, గాలి రేడియేటర్ గుండా రాకుండా పక్క నుంచి పోతోంది.

ఎత్తు మీద ముందు భాగం పైకి ఉన్నప్పుడు ఆయిల్ లైట్ వెలుగుతోంది: సంప్ మార్చినప్పుడు ఆయిల్ పికప్ పైపు సరైన చోట లేదు. ఇంజన్ వెంటనే ఆపాలి, స్ట్రాప్‌తో కిందికి దింపించుకోవాలి, షెడ్డుకి టో చేయించాలి.

మొదటి వెయ్యి కిలోమీటర్లు రోడ్డు మీదే నడపండి, ఆఫ్‌రోడ్ వద్దు. మొదటి వందలోనే ఇంజన్ మౌంట్లు, ఫ్లాంజ్ బోల్టులు, సైలెన్సర్ నట్లు మళ్ళీ బిగించండి, అయిదొందలకి ఆయిల్, ఫిల్టర్ మార్చి పాత ఆయిల్‌ని తెల్ల గుడ్డలో వడకట్టి చూడండి. సన్నటి బూడిదరంగు పొడి మామూలే, మెరిసే రేకులు కనిపిస్తే బేరింగులు అరుగుతున్నాయి, అప్పుడే విప్పించాలి.